మూడు డబ్బాల రంగు, ఒక బకెట్టు కోపం

ఆ రోజుల్లో నాకు కోపం తప్ప వేరే ఆస్తి లేదు. తార్నాకలో మేమున్నది అద్దె ఇల్లు, నాన్న నడిపేది ఎవరో వాడి వదిలేసిన స్కూటరు, నేను వేసుకునే చున్నీల్లో సగం అక్కవి. కోపం ఒక్కటే కొత్తది, అచ్చంగా నా సొంతం. పాలవాడు ఆలస్యంగా వస్తే కోపం, పెందలాడే వచ్చి లేపితే ఇంకా కోపం. ఇంట్లో నాకు ‘కస్సుబుస్సు’ అని పేరు పెట్టారు. (అలా పిలిచినందుకు కూడా కోపగించుకునేదాన్ని. దాంతో పేరు స్థిరపడిపోయింది.) ఈ మధ్య మా స్కూల్లో కొత్తగా చేరిన టీచరమ్మ ఒకావిడ, “మీరు ఎంత శాంతంగా ఉంటారండీ” అంటే మొహం పక్కకు తిప్పుకొని నవ్వుకున్నాను. నా శాంతం అంతా పొద్దున్నే వేసుకునే బీపీ మాత్రది. అసలు నన్ను చూడాలంటే ఆవిడ తెలంగాణ ఉద్యమం రోజుల్లో, లేడీస్ హాస్టల్ వరండాలో, రంగు బకెట్టు ముందు చూడాల్సింది.

మా నాన్న లెక్కల మాస్టారు. తెనాలి వైపు నుంచి మిషన్ స్కూల్లో ఉద్యోగానికని వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను పుట్టింది సికింద్రాబాద్‌లో, పెరిగింది తార్నాకలో, చదువుతున్నది దాన్ని ఆనుకునే ఉన్న యూనివర్సిటీలో ఎం.ఏ. తెనాలి నాకు ఎండాకాలం సెలవుల్లో పెద్దమ్మ పెట్టే ఆవకాయ అన్నం మాత్రమే. అయినా ఉద్యమం ముదిరేకొద్దీ మా ఇంట్లో ఒక వాక్యం తిరగడం మొదలైంది. “అసలే మనం…” అని. నాన్న ఆ రెండు మాటలూ అని ఆగిపోయేవాడు. నేను ఊరేగింపుకి వెళ్తానంటే “అసలే మనం…”, వీధి చివర నిరసనగా రోడ్డు మీదే వండే వంటా-వార్పులో కూర్చుని అందరితో పాటు తిని వస్తే “అసలే మనం…”. మిగతా సగం ఎప్పుడూ చెప్పలేదు. లెక్కల మాస్టారై ఉండి సగం లెక్క చేసి వదిలేస్తాడేమిటని నాకు ఒళ్ళు మండిపోయేది. “అసలే మనం ఏంటి? పూర్తి చెయ్ నాన్నా!” అని అరిచేదాన్ని. “ఏం లేదులేమ్మా, అన్నం తిను,” అనేవాడు.

ఆ కోపం కాస్త తగ్గుతుందని అమ్మ నన్ను సాయంత్రం డ్రాయింగ్ క్లాసులో చేర్చింది. తార్నాకలో ఒక మందుల షాపు మీద గదిలో జరిగేది ఆ క్లాసు. సారుది కడప. మనిషి సన్నం, గొంతు పెద్దది. మొదటి ఏడాదంతా మూడే మూడు రంగులిచ్చాడు, ఎరుపూ పసుపూ నీలమూ. “ఇవి మూల రంగులు. వీటిని ఇంకో రంగుల్లోంచి ఎవరూ చెయ్యలేరు. మిగతావన్నీ వీటి బిడ్డలే,” అనేవాడు. ఏ రంగు ఏం చేస్తుందో కూడా ఆయన దగ్గర లెక్క ఉంది. “ఎరుపు అరుస్తాది. పసుపు నవ్వుతాది. నీలం గమ్మునుంటాది. ఈ మూడు తెలిసినోడికి మనిషి మొగం గీయాల్సిన పని లేదు, రంగు పూస్తే చాలు.” మూడూ కలిపితే ఏమొస్తుంది సార్ అని నేనొకసారి అడిగాను. ఆయనకి ఆ ప్రశ్న అసహ్యం. “బురద వస్తాది. బురద కలిపినోళ్ళు నా క్లాసుకు రావద్దు,” అన్నాడు. ఆ మాట నేను బైబిలు వాక్యంలా మనసులో పెట్టుకున్నాను.

సకల జనుల సమ్మె నడుస్తుండగా బతుకమ్మ వచ్చింది. స్కూళ్ళు మూశారు, బస్సుల్లేవు, నాన్న ఇంట్లో ఖాళీగా కూర్చుని నాకు కాపలా కాస్తున్నాడు. క్యాంపస్‌లో హాస్టల్ అమ్మాయిలంతా కలిసి ఆర్ట్స్ కాలేజీ ముందు పెద్ద బతుకమ్మ ఆడాలని అనుకున్నారు. వెనక ఒక పెద్ద గుడ్డ కట్టాలి, దాని మీద బొమ్మ వెయ్యాలి. ఆ పని నాకిచ్చింది నా స్నేహితురాలు సిద్దిపేట. (అది దాని ఊరు. హాస్టల్లో అందరికీ ఊరి పేర్లే. నేను డేస్కాలర్ని కాబట్టి నన్ను ‘తార్నాక’ అనేవాళ్ళు. ‘తెనాలి’ అననందుకు లోపల్లోపల చాలా సంతోషంగా ఉండేది.) “మస్తు బొమ్మలేస్తవ్ గద, నువ్వే వెయ్. నేన్ చెప్పిన అందరికి,” అంది. నేను ఆ రాత్రి నిద్రపోలేదంటే నమ్మండి. అప్పటిదాకా నేను ఊరేగింపుల్లో చివర నడిచేదాన్ని. నినాదాలు ఇస్తే నా యాస బయటపడుతుందేమోనని పెదవులు మాత్రం కదిపేదాన్ని. ఇప్పుడు వాళ్ళ పండగకి వెనక గోడ నాది. ఆ గుడ్డ అక్కడ కట్టారంటే, ‘అసలే’ అన్న మాట ఇంక నా దగ్గరికి రాదు. అంత ఆశ పెట్టుకున్నాను.

అప్పట్లో ఏ బ్యానర్ చూసినా ఒకటే బొమ్మ, పిడికిలి, వెనక సూర్యుడు, పక్కన తెలంగాణ మ్యాపు. నేను ఆర్టిస్టుని కదా, అవేవీ వెయ్యదల్చుకోలేదు. మూడే రంగులు, పెద్ద పెద్ద పట్టీలుగా. పైన ఎరుపు, విద్యార్థుల ఆవేశం. మధ్యన పసుపు, వస్తుందనుకుంటున్న మంచి రోజు. కింద నీలం, రాష్ట్రం కోసం ప్రాణాలు తీసుకున్న పిల్లల కోసం. దుఃఖం అడుగునే కదా ఉంటుంది అనుకున్నాను. సమ్మె వల్ల షాపులు మూసి ఉంటే సీతాఫల్‌మండిలో ఒక షాపు వెనక తలుపు కొట్టి మూడు డబ్బాలు సంపాదించాం. హాస్టల్ వరండాలో గుడ్డ పరిచి పెన్సిల్‌తో గీతలు కొట్టి, ఏ పట్టీ ఎక్కడో తెలియడానికి మూడు రంగులూ ఒక్కో చారెడు పూసి, బట్టల క్లిప్పులతో దండెం మీద వేలాడదీశాను. దూరం నుంచి చూసుకుంటే నాకే కళ్ళు చెమర్చాయి. ఇంక నాయకులు చూసి సరే అనడమే తరువాయి అంది సిద్దిపేట. (నాయకులు బొమ్మ చూడ్డమేమిటి అని అప్పుడే అడిగి ఉండాల్సింది.)

ముందు ఎర్రన్న వచ్చాడు. ఎర్ర జెండా సంఘం వాడు, గడ్డం, భుజాన సంచి. గుడ్డ ముందు నిలబడి చాలాసేపు తలూపాడు. “ఎర్ర మంచిగున్నది. కని తక్కువైంది చెల్లె. మూడిట్ల ఒక వంతేనా? కొట్లాటలల్ల ముందు మేముంటిమి, బొమ్మల వంతులేస్తున్నవా?” అన్నాడు. ఇది వంతులు కాదన్నా, భావం అన్నాను. “భావం గూడ తక్కువైంది,” అన్నాడు. ఆయన అలా ఉండగానే నీలి జెండా సంఘం నీలన్న వచ్చాడు. మంచి మనిషి, మెల్లగా మాట్లాడతాడు. ఆయన ఒకటే అడిగాడు. “నీలం కింద ఎందుకు పెట్టినవ్ చెల్లె? ఎప్పటికీ కిందనే ఉండాల్నా మేము?” దుఃఖం, అడుగు, పోయినవాళ్ళు అని ఏదో గొణిగాను. “పోయినోళ్ళను పైన పెట్టరాదా మరి,” అన్నాడు. సరే, నీలం పైకి తీసుకెళ్తానన్నాను. “మరి ఎర్ర కిందికొస్తదా? గట్లెట్ల!” అని ఎర్రన్న సంచి దించి కింద కూర్చున్నాడు, ఇక్కడే దీక్ష చేసేవాడిలా. నేను పళ్ళు నూరుకుంటూ నిలబడ్డాను. రంగులకి గొంతులుంటాయని మా సారు చెప్పాడు గానీ, సంఘాలుంటాయని చెప్పలేదు.

అప్పుడొచ్చాడు మైకన్న. ఏ సభలోనైనా మైకు ఆయన చేతిలోనే ఉంటుంది గనుక ఆ పేరు. ఆ రోజు చేతిలో మైకు లేకపోయినా అదే గొంతు. “గిదేంది? గీ పసుపేంది?” అని గుడ్డకి మధ్యన వేలు పెట్టాడు. మంచి రోజులన్నా, ఆశ, సంతోషం అన్నాను. “నీకు సంతోషం ఉంటే ఉండొచ్చు. గది ఆంధ్ర పార్టీ రంగు. రేపు టీవీలోళ్ళొస్తరు. తెలంగాణ విద్యార్థుల వెనక పసుపు జెండా అని చూపిస్తరు. మా ఇజ్జత్ పోతది. తీసెయ్,” అన్నాడు. పసుపు తీసేస్తే ఏం పెట్టాలి అంటే, “గులాబీ పెట్టు” అన్నాడు, వాళ్ళ జెండా రంగు. నా నెత్తికి రక్తం ఎక్కింది. “గులాబీ మూల రంగు కాదు! ఎరుపులో తెలుపు కలిపితే వచ్చేది!” అని అరిచాను. కింద కూర్చున్న ఎర్రన్నకి ఎంత ఆనందమో. “విన్నవా? గులాబీ అంటే నీళ్ళు గలిపిన ఎర్రే! నేను చెప్తలేనా ఇన్నొద్దుల సంది!” అన్నాడు. ఇద్దరూ ఒకరి మీదికొకరు లేచారు. నీలన్న మధ్యలోకి వెళ్ళాడు. నా బొమ్మ సంగతి ఎవరికీ గుర్తు లేదు.

సిద్దిపేట అప్పటిదాకా వరండా మెట్ల మీద గునుగుపూల కట్టలు విప్పుకుంటూ ఊరికే ఉంది. తల ఎత్తకుండా, “అన్నా, ఒక్క మాట. తంగేడు పువ్వు ఏ పార్టీల ఉన్నది?” అని అడిగింది. బతుకమ్మ అంటేనే తంగేడు, తంగేడు అంటేనే పసుపు. పసుపు వద్దంటే రేపు వీళ్ళు బతుకమ్మని దేంతో పేరుస్తారు? నాకు లేచి గంతులెయ్యాలనిపించింది. మైకన్న మాత్రం ఉపన్యాసాలిచ్చి ఆరితేరినవాడు. “తంగేడు వేరు, పెయింట్ వేరు. పువ్వుకు పార్టీలు తెల్వయి. పెయింట్ మనిషి పూసేది,” అన్నాడు. అని నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, ఎంతో ప్రేమగా, “ఏమనుకోకు చెల్లె. నువ్వు మంచిదానివే. కని నువ్వు పసుపు పెడితే ఎట్లుంటదో సోంచాయించు. అసలే మీరు…” అని ఆగిపోయాడు.

మా నాన్న వదిలేసిన చోటే సరిగ్గా ఆగాడు. ఈ రెండో సగాన్ని ఇటువాళ్ళూ చెప్పరు, అటువాళ్ళూ చెప్పరు, నేనేమో మధ్యలో నిలబడి పూర్తి చేసుకోవాలి. సాయంత్రంలోగా కమిటీలో తేలుస్తామని ముగ్గురూ వెళ్ళిపోయారు. పసుపు ఉంటే మాత్రం గుడ్డ కట్టేది లేదని మైకన్న మెట్లు దిగుతూ ఇంకోసారి చెప్పి మరీ వెళ్ళాడు.

ఆ తర్వాత నేను చేసింది ఆలోచించి చేసింది కాదు. సిద్దిపేట స్నానాల బకెట్టు లాక్కొచ్చాను. (“నా బకెట్‌రా అది!” అని అది మొత్తుకుంటూనే ఉంది.) ఎరుపు డబ్బా మొత్తం అందులో కుమ్మరించాను. పసుపు డబ్బా మొత్తం. నీలం చేతికొచ్చినంత. “తీస్కోండి! ఎరుపొద్దు, నీలమొద్దు, పసుపసలే వద్దు! అసలే మేము! అసలే మేము!” అని అరుస్తూ హాస్టల్ చీపురు తిరగేసి కలిపాను. ఎరుపు అరవడం మానేసింది, పసుపు నవ్వడం మానేసింది. మా సారు చెప్పినట్టే బురద అయింది. గుడ్డ కిందికి లాగి, ఆ బురదలో చీపురు ముంచి ఈ చివర నుంచి ఆ చివరకి బరబరా గీకాను. ఒక అంగుళం తెలుపు కూడా మిగల్చలేదు. అయిపోయాక అక్కడే కూలబడి ఏడ్చాను. నా బొమ్మ పోయింది. రేపు నా గోడ లేదు. ఇంక ఎప్పటికీ ఊరేగింపు చివరే నా చోటు. సిద్దిపేట నా పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. పోనీలే అనలేదు. “ఆరనీ” అంది, అంతే.

మధ్యాహ్నం ఎండకి గుడ్డ ఆరింది. చీపురు పుల్లల గీతలు ఒకదాని పక్కన ఒకటి చాళ్ళలా పడ్డాయి. నేను మొహం కడుక్కొచ్చేసరికి దాని ముందు మైకన్న నిలబడి ఉన్నాడు. ఆయన నోరు మూసుకుని ఉండగా చూడ్డం నాకదే మొదలు. తిడతాడని నేను నడుం బిగించుకున్నాను. “చెలక,” అన్నాడు మెల్లగా. (మా నాన్న దాన్ని మెట్ట చేను అంటాడు.) “వాన పడ్డంక దున్నిన చెలక. మా పాలమూరు మన్ను అచ్చం గిట్లనే ఉంటది.” ఎర్రన్న వెనక నుంచి, “పాలమూరేంది, గది నల్గొండ మన్ను. గా ఎరుపు సూడు,” అన్నాడు. వాళ్ళిద్దరూ ఈసారి జిల్లాల మీద మొదలుపెట్టారు. ఇంకెవరో వచ్చి మెదక్ అన్నారు. హాస్టల్ అమ్మాయిలు దిగొచ్చి గుడ్డని చేత్తో తాకి చూస్తున్నారు. నీలన్న ఒక్కడే ఏ జిల్లా పేరూ చెప్పలేదు. నన్ను చూసి, “ఇప్పుడు పైన కింద లేదు. మంచిగున్నది చెల్లె,” అన్నాడు. మైకన్న నా తల మీద చెయ్యి వేసి, “మన చెల్లె మన మట్టిని పట్టుకొచ్చింది! తార్నాకల ఉండి గూడ!” అని మైకు అక్కర్లేని గొంతుతో ప్రకటించాడు.

ఏ బొమ్మకి నేను కళ్ళు చెమర్చుకున్నానో అది వద్దన్నారు. చీపురుతో వేసిన కోపాన్ని నెత్తిన పెట్టుకున్నారు. పోనీ నేనైనా ఊరుకోవచ్చు కదా, మన చెల్లె అన్నాడు, గోడ ఇచ్చాడు. సిద్దిపేట వెనక నుంచి గిల్లుతూనే ఉంది, ఊరుకో ఊరుకో అని. నేనూరుకుంటానా? “అన్నా, ఇందులో పసుపు ఉంది. డబ్బా మొత్తం ఉంది,” అన్నాను.

మైకన్న గుడ్డ దగ్గరికి వెళ్ళి, మొహం ఆనించి, అటూ ఇటూ వెతికాడు. వెనక్కి వచ్చి, “కనబడ్తలేదు గద. కనబడకుంటే ఉండనీ,” అన్నాడు.

ఆ మాటకి నాకు వచ్చినంత కోపం, అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ ఎప్పుడూ రాలేదు. బకెట్టులో రంగు మిగిలి ఉంటే ఆయన నెత్తిన పోసేదాన్నే. ఆయన చెడ్డవాడు కాదు, నిజంగా మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. అందుకే ఇంకా కోపం. ఎందుకంటే నేను చేస్తున్నదీ అదే. కనబడకుండా ఉండటానికే కదా పెదవులు కదుపుతూ నడిచాను అన్ని రోజులూ!

మర్నాడు సాయంత్రం గుడ్డ కట్టారు. దాని ముందుకి ఒక్కొక్కటే బతుకమ్మలు వచ్చాయి. అడిక్‌మెట్ వైపు గదుల్లో ఉండే అమ్మాయిలు, వారాసిగూడ నుంచి ఆడవాళ్ళు, తలల మీద మోసుకొచ్చి దించారు. కింద వరసల నిండా తంగేడు, కళ్ళు జిగేల్మనే పసుపు. మధ్యలో గునుగుపూలు, ఒక వరస ఎరుపు అద్దినవి, ఒక వరస నీలం అద్దినవి. ఆ మట్టి రంగు ముందు మూడు రంగులూ ఎంత బాగా వెలిగాయంటే, నేను ఏ పట్టీలూ గీసి అంత చెయ్యలేకపోయేదాన్ని. పసుపు వద్దన్న మైకన్న పసుపు కుప్పల మధ్య నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. నేను ఆడాను, పాడాను కూడా, గొంతు ఎత్తి, నా యాసతోనే. పక్కనున్న ఒక పెద్దావిడ “ఏ ఊరు బిడ్డా?” అని అడిగింది. “తార్నాక, మాది తెనాలి వైపు,” అన్నాను గట్టిగా. ఇంకా కోపంలో ఉన్నాను కాబట్టే అనగలిగాను. “అట్లనా. వంగి కొట్టు చప్పట్లు, నడుం పట్టుకున్నదా?” అంది ఆవిడ.

చీకటి పడుతుండగా నన్ను వెతుక్కుంటూ నాన్న వచ్చాడు. గేటు దగ్గర పోలీసుల ముళ్ళకంచెలు దాటి లోపలికి ఎలా వచ్చాడో మరి, చెట్టు కింద చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇద్దరం ఇంటి దారి పట్టాం. తార్నాక చౌరస్తా దాటాక, “ఆ వెనక గుడ్డ నువ్వే వేశావా?” అన్నాడు. అవునన్నాను, దేనికైనా సిద్ధంగా. “అసలే మనం…” అని ఆగాడు. నేను నోరు తెరవబోయేలోగా, “అసలే మనం బొమ్మలు తెలిసినవాళ్ళం కాదు. కానీ బాగుందమ్మా,” అన్నాడు. ఆ వాక్యం మా నాన్న పూర్తి చేయడం నేను విన్నది అదొక్కసారే. (డ్రాయింగ్ సారు మాత్రం మరుసటి వారం వినగానే, “బురద కలిపితివా!” అని కుర్చీలోంచి లేచాడు. తిడుతూ తిడుతూనే, “ఏ పాళ్ళలో కలిపితివి?” అని అడిగాడు. కోపంలో కలిపాను సార్, కొలవలేదు అన్నాను.)

రాష్ట్రం వచ్చింది. మైకన్న ఎక్కడో మంచి మైకు ముందే ఉన్నాడని విన్నాను. నేను డ్రాయింగ్ టీచర్నయ్యాను. ఎరుపు కోపం, పసుపు సంతోషం, నీలం శాంతం అని పుస్తకంలో ఉన్నట్టే చెబుతాను, పరీక్షలో అదే అడుగుతారు కాబట్టి. ఇంట్లో మాత్రం ఎన్నిసార్లు మూడు రంగులు కలిపి చూసుకున్నా ఆ గుడ్డ రంగు మళ్ళీ రాలేదు. బీపీ మాత్రలు వేసుకుని కలిపితే ఎలా వస్తుంది?

మొన్న మా ముందు గదిలో ఒక గోడకి రంగు వేయిద్దామని తార్నాకలో షాపుకి వెళ్ళాను. ఇప్పుడు అన్నీ కంప్యూటర్లో కలిపి ఇస్తున్నారు. షాపతను రంగుల కార్డు నా ముందు పరిచి, “ఏ షేడ్ గావాలె మేడం?” అన్నాడు. మట్టి రంగు కావాలన్నాను. ఒకటొకటే చూపించాడు, నేను కాదంటూ పోయాను. అతనికి విసుగొచ్చింది. “అసలు ఎట్లుండాలె మేడం, జెర జెప్పుండ్రి.”

“పసుపు కనబడాలి,” అన్నాను.

“బ్రౌన్ల పసుపు ఎట్ల కనబడ్తది మేడం? కలుస్తది గని కనబడదు.”

“కనబడకపోతే నాకొద్దు!” అని కౌంటరు మీద చెయ్యి చరిచి బయటికి వచ్చేశాను. షాపులో ఉన్నవాళ్ళంతా నా వైపే చూశారు. వీధి మలుపు దగ్గర ఆగి నవ్వుకున్నాను. ఆ చీపురు పట్టుకున్న పిల్ల ఎటో పోయిందనుకున్నాను ఇన్నాళ్ళూ.